తల్లి పేరు కోసం ఇరవై ఏళ్లు

‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?’ అన్న సామెత మనందరికీ నోటికి వచ్చు. తల్లి మీద పడిన నిందను పిల్లలకు అంటగట్టడానికి ఇంతకంటే సులువైన మాట లేదు. యెహెజ్కేలు ప్రవక్త కాలంలో ఇశ్రాయేలీయుల్లోనూ ఇలాంటి సామెత ఒకటి ఉండేది. తండ్రులు పుల్లటి ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని వాళ్లు చెప్పుకునేవారు. ఇకమీదట ఆ సామెత మీ మధ్య వినపడకూడదని దేవుడు ఖండితంగా చెప్పాడు (యెహెజ్కేలు 18:2-4). అయినా, భక్తిలో తమకు సాటి లేరనుకున్న ఒక క్రైస్తవ సమాజంలో 1692లో ఇదే తరహా మాట ముగ్గురు అక్కచెల్లెళ్ల మీద పడింది. ఇద్దరికి అది ఉరితాడైంది. మూడో ఆమెకు సంకెళ్లయింది.

ఆ ముగ్గురిలో పెద్దామె పేరు రెబెకా నర్స్. మన బైబిల్లోని రిబ్కా పేరే అది. ‘నర్స్’ అన్నది ఆమె వృత్తి కాదు, భర్త ఇంటిపేరు. ఇంగ్లండు సంఘాన్ని వాక్యానుసారంగా ఇంకా శుద్ధి చేయాలని పట్టుబట్టిన ప్యూరిటన్లు సముద్రం దాటి అమెరికాలో మసాచుసెట్స్ వలస రాజ్యాన్ని నిర్మించుకున్నారు. ఆ తొలి తరాల స్త్రీలలో ఆమె ఒకరు. ఈనాడు అమెరికాలో తమ పూర్వీకుల చరిత్ర వెదుక్కునేవారు అనేకులు. బోస్టన్‌లో ఈ పని కోసమే 1845లో ఒక వంశచరిత్ర సంఘం ఏర్పడింది. అలా వెదుకుతూ రెబెకా నర్స్ దాకా చేరేవారికి అక్కడ కనబడేది గొప్పలు చెప్పుకునే సంగతి కాదు. ఒక సంఘం తన సహోదరికి చేసిన అన్యాయం, దాన్ని సరిదిద్దమని ఒక కొడుకు తట్టిన తలుపు.

మొదట ఆమె పుట్టిల్లు చూద్దాం. 1692 నాటి కోర్టు కాగితాలు చదివితే రెబెకా నర్స్, మేరీ ఈస్టీ, సారా క్లోయిస్ అని మూడు పేర్లు, మూడు ఇంటిపేర్లు కనబడతాయి. పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మారిపోతుంది కాబట్టి స్త్రీల వంశం వెదకడం ఎప్పుడూ కష్టమే. వీళ్లు ఒక తల్లి బిడ్డలని తెలియాలంటే ఇంగ్లండు తూర్పు తీరంలోని గ్రేట్ యార్మత్ అనే రేవు పట్టణానికి, అక్కడి సెయింట్ నికొలస్ చర్చి రిజిస్టరుకు వెళ్లాలి. బాప్తిస్మాలు, వివాహాలు, సమాధులు ప్రతి సంఘంలోనూ రాసిపెట్టాలని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో ఉత్తర్వు వెలువడింది. ఆ ఉత్తర్వు పుణ్యమా అని విలియం టౌన్, జోవాన్నా బ్లెస్సింగ్ అనే ఇద్దరికి 1620 ఏప్రిల్‌లో పెళ్లయిందనీ, వాళ్ల పాప రెబెకాకు మరుసటి ఫిబ్రవరిలో బాప్తిస్మం ఇచ్చారనీ మనకు తెలుస్తోంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఆనాటి లెక్కలో అది 1620 ఫిబ్రవరి, ఇప్పటి లెక్కలో 1621. మేరీ బాప్తిస్మం 1634లో జరిగింది. 1640 నాటికి ఈ కుటుంబం సేలంలో ఉంది. తర్వాత విలియం టౌన్ పక్కనున్న టాప్స్‌ఫీల్డ్‌లో భూమి కొనుక్కుని అక్కడ స్థిరపడ్డాడు.

రెబెకా పెళ్లాడిన ఫ్రాన్సిస్ నర్స్ కొయ్యతో పళ్లేలు, పాత్రలు చేసే పనివాడు. వారికి నలుగురు కొడుకులు, నలుగురు కూతుళ్లు. 1678లో ఆ కుటుంబం సేలం గ్రామంలో సుమారు 300 ఎకరాల పొలాన్ని వాయిదాల పద్ధతి మీద తీసుకుంది. కొడుకులు, అల్లుళ్లు కలిసి పాటుపడ్డారు. పక్కనే బలమైన పుట్నం కుటుంబం ఉండేది. టాప్స్‌ఫీల్డ్ వాళ్లకూ పుట్నం వాళ్లకూ పొలం గట్ల తగాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. గట్టు తగాదా ఎంత దూరం పోతుందో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

1692 మొదట్లో సేలం గ్రామంలో కొందరు బాలికలు మూర్ఛలు పోతూ, తమను కొందరి ఆత్మరూపాలు గిల్లుతున్నాయనీ కొరుకుతున్నాయనీ కేకలు వేశారు. మార్చిలో వాళ్లు రెబెకా పేరు చెప్పారు. అప్పటికి ఆమెకు 71 ఏళ్లు. చెవులు సరిగా వినబడవు. జబ్బుతో మంచం పట్టి ఉంది. సంఘంలో ఆమె భక్తి గురించి తెలియనివారు లేరు. మార్చి 24న ఆమెను పట్టుకుని విచారణకు తెచ్చారు. కోర్టులో దాఖలైన ఒక వాంగ్మూలం మన సామెతను గుర్తుకు తెస్తుంది. జాన్ పుట్నం అనే వ్యక్తి, ఈ ముగ్గురు అక్కచెల్లెళ్ల తల్లి గురించి తాను విన్న ఒక మాటను ఇతరులతో చెప్పాననీ, ఆ తర్వాత తాను జబ్బు పడ్డాననీ, తన ఎనిమిది వారాల బిడ్డ చనిపోయిందనీ చెప్పాడు. తల్లి జోవాన్నా అప్పటికే లోకంలో లేదు. అయినా ఆమె పేరు చుట్టూ తిరిగిన ఒక పుకారు కూతుళ్ల మీద సాక్ష్యమై కూర్చుంది. వంశావళిని ఎంత చెడ్డగా వాడుకోవచ్చో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు. తల్లి ఎవరో చెప్పి బిడ్డను ఉరికంబం ఎక్కించవచ్చు.

అందరూ నోరు మూసుకోలేదని కూడా చెప్పాలి. రెబెకా మంచి క్రైస్తవురాలని ఆమె ఇరుగుపొరుగు వారు 39 మంది సంతకాలు చేసి ఇచ్చారు. ఆ రోజుల్లో అలా సంతకం పెడితే రేపు తమ పేరే బయటికి రావచ్చని వాళ్లకు తెలుసు. ఆ సంతకాల్లో జొనాథన్ పుట్నం పేరు కూడా ఉంది. ఆమె మీద ఫిర్యాదు చేసిన ఇద్దరిలో అతను ఒకడు! తొందరపడి వేసిన అడుగును వెనక్కి తీసుకోవడం మనిషికి సాధ్యమేనని ఆ ఒక్క సంతకం చెబుతోంది.

జూన్ నెలాఖరున జరిగిన విచారణలో జ్యూరీ మొదట ఆమెను నిర్దోషి అన్నది. వెంటనే బాలికలు గగ్గోలు పెట్టారు. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్, తోటి ఖైదీ ఒకామెను చూసి రెబెకా అన్న మాటను మీరు గమనించారా అని జ్యూరీని అడిగాడు. ఆమె మనలో ఒకతె అన్న అర్థంలో రెబెకా ఏదో అంది. తోటి ఖైదీ అన్నది ఆమె భావం. తోటి మంత్రగత్తె అని కోర్టు అర్థం చేసుకుంది. దాని గురించి జ్యూరీ మళ్లీ అడిగినప్పుడు ఆ చెవిటి తల్లికి ప్రశ్న వినబడలేదు. ఆమె మౌనాన్ని అంగీకారంగా తీసుకుని తీర్పు మార్చేశారు. గవర్నరు శిక్ష నిలుపుదల చేసి, మళ్లీ దాన్ని రద్దు చేశాడు. 1692 జూలై 19న మరో నలుగురు స్త్రీలతో కలిపి ఆమెను ఉరితీశారు. చెల్లెలు మేరీ ఈస్టీని సెప్టెంబరు 22న ఉరితీశారు. తన ప్రాణం కోసం కాదు, ఇక మీదట నిరపరాధుల రక్తం చిందకుండా చూడమని ఆమె న్యాయాధిపతులకు విన్నపం రాసిపెట్టి వెళ్లింది. చిన్న చెల్లెలు సారా చెరలో నెలలు గడిపి 1693 జనవరిలో బయటపడింది. ఆ ఏడాది 19 మందిని ఉరితీశారు. ఒక వృద్ధుణ్ని బండరాళ్ల బరువుతో నొక్కి చంపారు. కనీసం ఐదుగురు చెరసాలలోనే కన్నుమూశారు.

కోర్టు చేసింది ఇది. సంఘం చేసింది ఇంకొకటి ఉంది. మేము ఈ వ్యాసం రాస్తున్నది దాని కోసమే. రెబెకా సేలం పట్టణ సంఘంలో సభ్యురాలు. జూలై 3 ఆదివారం. సంఘమంతా ప్రభువు బల్లలో పాలుపుచ్చుకుంది. ఆ తర్వాత పెద్దలు ఒక ప్రతిపాదన పెట్టారు. కోర్టు దోషి అన్నది కాబట్టి రెబెకాను సంఘం నుంచి వెలివేయాలని. ఒక్కరూ కాదనలేదు. అదే మధ్యాహ్నం ఆమెను నిలబెట్టి, ఆమె కళ్లెదుటే వెలి ప్రకటించారు. సంఘ పుస్తకంలో ఆ తీర్మానం రాసేటప్పుడు కూడా ఆమెను తమ సహోదరి అనే రాశారు. ఉరి ఆ శరీరానికి. వెలి ఆమె ఆత్మకు. పరలోకంలో కూడా నీకు చోటు లేదని చెప్పడమే అది. రొట్టె విరిచిన చేతులు అదే పూట ఒక ముసలి తల్లి పేరును కొట్టివేశాయి.

ఆమె పిల్లలు ఏం చేశారు? ఊరు విడిచి పారిపోలేదు. కత్తి పట్టలేదు. ఉరి తర్వాత రాత్రివేళ తల్లి శరీరాన్ని తెచ్చి తమ పొలంలోనే పాతిపెట్టారని ఆ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకుంటారు. కొడుకు సామ్యూల్ నర్స్, అల్లుడు జాన్ టార్బెల్ తదితరులు, ఆ నిందలకు ఊతమిచ్చిన గ్రామ కాపరి సామ్యూల్ పారిస్ చేతి నుంచి ప్రభువు బల్ల తీసుకోబోమన్నారు. ఆయన పశ్చాత్తాపాన్ని కోరారు. ఏళ్ల పెనుగులాట తర్వాత పారిస్ ఆ గ్రామం విడిచి వెళ్లాడు. అతని స్థానంలో వచ్చిన జోసెఫ్ గ్రీన్ యువకుడు, వివేకి. 1699లో నర్స్ కుటుంబం మళ్లీ ప్రభువు బల్లకు వచ్చింది. ఆరాధనలో ఎవరెక్కడ కూర్చోవాలో గ్రీన్ కొత్తగా ఏర్పాటు చేసి, నర్స్ వాళ్లను పుట్నం వాళ్ల పక్కన కూర్చోబెట్టాడు. అర్పణం అక్కడ విడిచి మొదట నీ సహోదరునితో సమాధానపడు అన్న ప్రభువు ఆజ్ఞ (మత్తయి 5:23-24) మీద ప్రసంగాలు ఎన్నో విన్నాం. బల్లల వరుస మార్చి దాన్ని ఆచరణలో పెట్టిన కాపరి ఇతడు.

1706 ఆగస్టు 25న ఆ గ్రామ సంఘంలో ఇంకొక పేరు వినబడింది. 1692లో పన్నెండేళ్ల పిల్లగా రెబెకా మీద నేరం మోపిన ఆన్ పుట్నం ఇప్పుడు పెద్దదైంది. తల్లిదండ్రులిద్దరూ 1699లో కొద్దిరోజుల తేడాతో చనిపోయారు. సంఘ సభ్యత్వం కోరుతూ ఆమె సంఘమంతటి ముందు నిలబడింది. గ్రీన్ ఆమె ఒప్పుకోలును చదివి వినిపించాడు. నిరపరాధుల ప్రాణాలు పోవడానికి తాను కారణమయ్యానని, ముఖ్యంగా రెబెకా నర్స్, ఆమె ఇద్దరు చెల్లెళ్ల విషయంలో దేవుని క్షమాపణను, ఆ కుటుంబాల క్షమాపణను కోరుతున్నానని అందులో ఉంది. సంఘం ఆమెను చేర్చుకుంది. ఈనాడు వంశవృక్షం వెదికేవారు రెబెకా సంతానమని తెలిస్తే ధన్యులమనుకుంటారు. ఆన్‌ను కన్న పుట్నం కుటుంబం వాళ్లమని తేలితే? ఆ పేరును దాచేయకూడదు. ఆ కుటుంబంలోనూ ఒక ఒప్పుకోలు ఉంది, ఒక సంతకం ఉంది.

సామ్యూల్ నర్స్ పని ఇంకా ముగియలేదు. 1710లో ప్రభుత్వం నష్టపోయిన కుటుంబాల విన్నపాలు తీసుకున్నప్పుడు అతను రాసింది చదవదగినది. తన నష్టానికి నలభై పౌండ్లిచ్చినా సరిపోదు గాని, తల్లి పేరు మీద ఉన్న నేరపు మచ్చను తీసేస్తే ఇరవై ఐదు పౌండ్లతోనే తృప్తిపడతానన్నాడు. డబ్బు తగ్గించుకుని పేరు అడిగాడు! 1711 అక్టోబరులో చట్టసభ ఆ మచ్చను తీసింది. మరి సంఘ పుస్తకంలోని వెలి? 1712 మార్చిలో, సామ్యూల్ విన్నపం మీదే, సేలం సంఘం ఆ తీర్మానాన్ని రద్దు చేసింది. అది ఇక ఆమె జ్ఞాపకానికి నింద కాకూడదని, ఆమె పిల్లలకు దుఃఖకారణం కాకూడదని రాసుకుంది. తాము వేసిన వెలిలో ఏ పాపం, ఏ పొరపాటు ఉన్నా దేవుడు క్షమించాలని వేడుకుంది. ఆ రోజు ఆ సంఘానికి కాపరిగా ఉన్నది ఎవరో తెలుసా? 1692లో వెలివేసిన రోజున ఉన్న నికొలస్ నోయిసే. కొట్టేసిన సంఘమే, అదే కాపరి కాలంలోనే, ఆ పేరును తిరిగి రాసింది. అందుకు ఇరవై ఏళ్లు పట్టింది.

సెలోపెహాదు కూతుళ్లు మోషే ముందు నిలబడి, మా తండ్రి పేరు అతని వంశంలో నుండి ఎందుకు మాసిపోవాలి అని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమని దేవుడే చెప్పాడు (సంఖ్యాకాండము 27:1-7). వంశచరిత్ర వెదకడానికి క్రైస్తవులకున్న మొదటి కారణం ఇదేనని మా అభిప్రాయం. అంతులేని వంశావళుల జోలికి పోవద్దని పౌలు తిమోతిని, తీతును హెచ్చరించాడు (1 తిమోతి 1:4, తీతు 3:9). నిజమే. ఏ గవర్నరుకో, ఏ అధ్యక్షునికో చుట్టరికం కలుపుకోవడానికి వెదికితే అది ఆ వ్యర్థపు పనే. మత్తయి రాసిన వంశావళి వేరు. అందులో తామారు ఉంది. రాహాబు, రూతు ఉన్నారు. దావీదు చేసిన ద్రోహాన్ని మరవనివ్వకుండా ఊరియా భార్య అన్న పేరు ఉంది. నిందపడ్డ స్త్రీలనూ, నిందార్హుడైన రాజునూ రక్షకుని ఇంటి పట్టికలోంచి పరిశుద్ధాత్మ తీసివేయలేదు.

పాత గాయాలు రేపడం ఎందుకు, మరిచిపోతే మంచిది కదా అనేవారున్నారు. గాయపడినవాడు మరిచిపోతే అది అతని క్షమాగుణం. గాయపరచినవాడు మరిచిపొమ్మంటే అది క్షమాపణ కాదు, తప్పించుకోవడం. సేలం సంఘం ఊరికే ఉండిపోయి ఉంటే ఆ పుస్తకంలో రెబెకా ఈరోజుకీ వెలిపడ్డ మనిషే.

ఇంకొక ప్రశ్న మనల్ని నిద్రపోనివ్వకూడదు. పిల్లలు లేనివారి పేరు ఎవరు అడుగుతారు? ఎలిజబెత్ జాన్సన్ అనే యువతికి కూడా సేలం కోర్టు మరణశిక్ష వేసింది. గవర్నరు నిలుపుదల వల్ల ప్రాణం దక్కింది. 1711 చట్టంలో ఆమె పేరు చేరలేదు. ఆమెకు పెళ్లి కాలేదు, బిడ్డలు లేరు. విన్నపం పెట్టే సామ్యూల్ ఆమెకు లేడు. మూడు వందల ఏళ్లకు పైగా ఆమె చట్టం దృష్టిలో దోషిగానే మిగిలింది. చివరికి ఒక బడిపిల్లల తరగతి ఆమె సంగతి పట్టించుకుని అడిగితే 2022లో మసాచుసెట్స్ చట్టసభ ఆ మచ్చ తీసింది. సంతానం లేనివారికి తన ఇంట కుమారులు, కుమార్తెలకంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానని దేవుడు సెలవిచ్చాడు (యెషయా 56:3-5). సంఘమంటే ఆ ఇల్లే కదా! బిడ్డలు లేనివారి పక్షాన అడగవలసింది ఎవరు?

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోవద్దు. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో వృద్ధులను, ఒంటరి స్త్రీలను కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పత్రికల్లోనే చదివాం. అలాంటి గుసగుస మొదలైనప్పుడు ఆ ఊళ్లోని క్రైస్తవులు ఆ 39 మందిలా సంతకం పెడతారా, తలుపు వేసుకుంటారా? పిశాచాల పేరు చెప్పి పొరుగింటామెను చూపించే ప్రార్థనాపరులను మన సంఘాల్లో మనం ఆపుతున్నామా?

మన సంఘాల్లోనూ రిజిస్టర్లు ఉన్నాయి. మిషనరీల కాలం నాటి బాప్తిస్మపు పుస్తకాలు, వివాహాల పుస్తకాలు, కమిటీ తీర్మానాల పుస్తకాలు. చాలా పేద కుటుంబాలకు ముత్తవ్వ పేరు కాగితం మీద కనబడేది ఆ పాత పుస్తకాల్లోనే. వాటిని చెదలకు వదిలేయకండి. భద్రం చేయండి, నకళ్లు తీయించండి. వాటిని తెరిచినప్పుడు పేర్లు చేరిన పేజీలే కాదు, కొట్టివేసిన పేర్లు కూడా చూడండి. ఎవరిని, ఏ మాట విని, ఎవరి ఒత్తిడి మీద తీసేశారు? వాళ్ల సంజాయిషీ విన్నారా, లేక రెబెకాకు వినబడనట్టు వాళ్లకూ ప్రశ్న వినబడలేదా? క్రమశిక్షణ సంఘానికి అవసరమే, కాదనం. అయితే వెలివేయడానికి ఒక మధ్యాహ్నం చాలినప్పుడు, సరిదిద్దడానికి ఇరవై ఏళ్లు ఎందుకు పట్టాలి? ఏ పుస్తకంలో కొట్టేశామో ఆ పుస్తకంలోనే, ఏ సంఘం ముందు చదివామో ఆ సంఘం ముందే ఆ పేరు తిరిగి రాయాలి.

సేలం గ్రామం పేరు ఇప్పుడు డాన్వర్స్. నర్స్ కుటుంబపు పాత ఇల్లు అక్కడ నిలిచే ఉంది. 1885లో ఆమె సంతతివారు ఆ పొలంలోని సమాధుల తోటలో ఆమె పేరిట ఒక స్తంభం నిలిపారు. 1892లో దాని పక్కనే ఇంకొక రాయి నిలిపారు. అది ఆమె కోసం సంతకాలు పెట్టిన ఇరుగుపొరుగు వారి జ్ఞాపకార్థం. మన మనుమలు మన సంఘ పుస్తకాలు తిరగేసినప్పుడు మన పేరు ఆ రెండో రాతి మీద ఉండదగినదిగా కనబడితే చాలు.